130వ ర్యాంకులో మనం ఎక్కడున్నాం?



"బతకడానికి మంచి దేశాలు" అని లిస్టు వచ్చిన ప్రతిసారీ మన హాస్టళ్ళలో అదే కొట్లాట. సగం మంది "ఫిన్లాండ్ చూడు, నార్వే చూడు, మనది 130, సిగ్గుచేటు" అంటారు. మిగతా సగం "ఇదంతా తెల్లోళ్ళ కుట్ర, మన దేశాన్ని తక్కువ చేయడానికే రాస్తారు" అంటారు. రెండు వైపులా మనోళ్ళే. గొంతు పోయేలా అరుస్తున్నదేమో ఇంకెవరి కోసమో. కొంచెం కటువుగానే రాస్తున్నాం, ఏమనుకోవద్దు.

ముందు ఆ 130 సంగతి. అది యూఎన్‌డీపీ 1990 నుంచి ఇస్తున్న మానవాభివృద్ధి సూచీ. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ ముందుండి, మన అమర్త్యసేన్ తోడుండి తయారుచేసింది. కుట్ర అనే మాట సగం ఇక్కడే పోయింది. ఇందులో చూసేవి మూడే: జనం ఎన్నేళ్ళు బతుకుతున్నారు, ఎన్నేళ్ళు చదువుతున్నారు, తలసరి ఆదాయం ఎంత. 2025 రిపోర్టులో 193 దేశాలకు గాను ఐస్‌లాండ్ మొదటిది, నార్వే, స్విట్జర్లాండ్ రెండో స్థానంలో, ఇండియా 130లో. అదే రిపోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. దేశం లోపలి అసమానతల్ని లెక్కలోకి తీసుకుంటే ఇండియాకు వచ్చిన విలువ 30.7 శాతం పడిపోతుందట. 130 మీద కొట్లాడినోళ్ళు ఒక్కరైనా ఈ 30.7 గురించి మాట్లాడారా? మనం ఉన్నది అందులోనే.

సగటు అంటే అంతే. గచ్చిబౌలిలో అపార్ట్‌మెంట్ కింద అంబులెన్స్ వచ్చి నిలబడే ఇల్లు, అల్లూరి జిల్లా కొండమీద నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే ఇల్లు, రెండూ కూడి భాగిస్తే వచ్చేదే "ఇండియా". భాగించాక డోలీ కనపడదు.

చదువుదీ ఇదే కథ. ఎన్నేళ్ళు బడికెళ్ళావని అడుగుతారు కానీ, ఏ భాషలో కూర్చోబెట్టారని అడగరు. ఇంట్లో కోయనో, గోండినో, కువినో, సవరనో తప్ప తెలుగు వినని పిల్లను ఆరేళ్ళకు ఆశ్రమ పాఠశాలలో వేసి తెలుగు పుస్తకం చేతిలో పెడితే, మొదటి రెండేళ్ళు ఆ పిల్ల చదివేది పాఠం కాదు, సారు మొహం. సూచీలో మాత్రం ఆ రెండేళ్ళు రెండేళ్ళ చదువే.

ఇంకో లెక్క చెప్తాం. ఇదే యూఎన్‌డీపీ ఆక్స్‌ఫర్డ్ వాళ్ళతో కలిసి 2021లో ఇచ్చిన బహుముఖ పేదరికం రిపోర్టులో, దేశంలోని 12.9 కోట్ల ఎస్టీల్లో 6.5 కోట్ల మంది పేదరికంలో ఉన్నారని రాసింది. ఇద్దరిలో ఒకరు. అదే సంస్థ, అదే రకం టేబుళ్ళు. 130ని పట్టుకుని టీవీలో గంటలు గంటలు చర్చ పెట్టే వాళ్ళకు ఈ 6.5 కోట్లు కనపడవు. వాళ్ళను వదిలేయండి, మనమైనా స్టేటస్ పెట్టామా?

ఇక సంతోషం ర్యాంకులు. 2018 నుంచి 2025 వరకు వరుసగా ఎనిమిదిసార్లు ఫిన్లాండే. ఎలా తేలుస్తారో తెలుసా? ఒక నిచ్చెన ఊహించుకోమంటారు. అడుగు మెట్టు 0, పై మెట్టు 10, నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావో చెప్పమంటారు. గాలప్ సంస్థ మామూలుగా ఒక్కో దేశంలో ఏడాదికి వెయ్యి మందిని అడుగుతుంది, మూడేళ్ళ సగటు తీస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మనం దేశంలో 8.6 శాతం. అంటే అడిగిన ప్రతి వెయ్యికి 86 మంది. ఆ కొద్దిమందిలోనే సంతాలులు, భిల్లులు, గోండులు, ఏడు వందలకు పైగా తెగలు సర్దుకోవాలి. నల్లమల చెంచు పెంట దాకా ఆ ప్రశ్న వచ్చే అవకాశం ఎంతో మీరే లెక్కేయండి. ఒకవేళ వచ్చినా, మన అవ్వను పట్టుకుని నీ బతుకు పదికి ఎంత అంటే, ఈ ఏడు ఇప్పపువ్వు బాగా రాలిందనో, చింతపండుకు రేటు రాలేదనో చెప్తుంది తప్ప నంబరు చెప్పదు.

నగరాల ర్యాంకులైతే మరీ దారుణం. ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ ఇచ్చే "నివాసయోగ్య నగరాల" లిస్టులో 2011 నుంచి 2017 దాకా ఏడేళ్ళు మెల్‌బోర్నే ఫస్టు. ఆ లిస్టు వల్ల ఒక ఉపయోగం ఉంది: కంపెనీలు తమ ఆఫీసర్లను వేరే దేశం పంపినప్పుడు, అక్కడ కష్టంగా ఉంటే ఎంత అలవెన్సు ఇవ్వాలో తేల్చుకోవచ్చు. ఇది మేం అన్నమాట కాదు, ఆ సంస్థే చెప్పుకుంటుంది. మేనేజరు గారి బదిలీ కోసం వేసిన లెక్క చూసి మనం మన ఊరి బతుకు మీద సిగ్గుపడుతున్నాం.

పోనీ, పై ర్యాంకుల దేశాల్లో మనలాంటోళ్ళు ఎలా ఉన్నారో చూద్దాం.

కెనడా 1990లలో చాలా ఏళ్ళు మానవాభివృద్ధిలో ప్రపంచంలోనే నంబర్ వన్. అక్కడి ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కెళ్ళి, సొంత భాష మాట్లాడితే కొట్టిన రెసిడెన్షియల్ స్కూళ్ళలో చివరివి మూతపడింది కూడా 1990ల రెండో సగంలోనే. మొత్తం సుమారు లక్షన్నర మంది పిల్లలు వాటిలో ఉన్నారు. 2015లో ఆ దేశం వేసిన కమిషనే దాన్ని సాంస్కృతిక జాతి నిర్మూలన అంది. నంబర్ వన్ సర్టిఫికెట్టు, ఆ స్కూళ్ళు, రెండూ ఒకే కాలంలో ఒకే దేశంలో ఉన్నాయి. సూచీకి ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆస్ట్రేలియా ఎప్పుడూ మొదటి పదిలోనో, ఆ చుట్టుపక్కలో ఉంటుంది. అక్కడి ఆదివాసీల ఆయుర్దాయం మిగతావాళ్ళ కంటే దాదాపు 8 ఏళ్ళు తక్కువ. పార్లమెంటుకు సలహా చెప్పే ఒక గొంతు ఇవ్వండి, చట్టం చేసే అధికారం కూడా వద్దు అని అడిగితే, 2023 అక్టోబర్ 14 రెఫరెండంలో నూటికి 60 మంది వద్దన్నారు.

నార్వే కథ మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. ఫోసెన్ అనే చోట సామీ ఆదివాసీలు రెయిన్‌డీర్ మేపుకునే నేల మీద 151 గాలిమరలు వేశారు. సామీలు కోర్టుకెళ్ళారు. 2021 అక్టోబర్ 11న సుప్రీంకోర్టు ఆ లైసెన్సులు చెల్లవని, సామీల హక్కుల ఉల్లంఘన జరిగిందని తీర్పిచ్చింది. గెలిచారు గదా? గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి. 500 రోజులు గడిచాక, 2023 ఫిబ్రవరిలో మన వయసు పిల్లలే తమ సంప్రదాయ బట్టలు కట్టుకుని ఆస్లోలో మంత్రిత్వశాఖ ఆఫీసులో బైఠాయించారు. పోలీసులు ఒక్కొక్కరిని ఎత్తి బయట పెట్టారు. చివరికి పరిహారాలు, ఒప్పందాలతో ముగించారు. మరలు మాత్రం పీకలేదు.

ఇదంతా చదివి, "చూశారా, వాళ్ళకంటే మనమే నయం" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళతోనూ మాకు పేచీ ఉంది. ఆస్లోలో ఆ పిల్లల్ని ఎత్తి బయట పెట్టారు, అంతే. మన దగ్గర పోడు భూమి దగ్గర నిలబడితే ఏమవుతుందో ఈ గ్రూపులో కొత్తగా చెప్పక్కర్లేదు. సామీలకు 1989 నుంచి సొంత పార్లమెంటు ఉంది. వాళ్ళ తల్లులు కాన్పుకు డోలీలో పోరు. ర్యాంకు అబద్ధం అని కొట్టిపారేస్తే, మన డోలీ కూడా అబద్ధమే అవుతుంది. ఆసుపత్రి కావాలి, రోడ్డు కావాలి, బడి కావాలి. "అడవిలో అమాయకంగా సుఖంగా ఉన్నారు" అని పాటలు రాసేవాళ్ళతో మనకు పని లేదు.

మేం అనేది ఒక్కటే. ఆ మూడు ప్రశ్నల పక్కన నాలుగోది లేదు: మా ఊళ్ళో వద్దు అంటే ఆగుతుందా? ఈ ప్రశ్న పెడితే లిస్టు తలకిందులవుతుంది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశాలో నియమగిరి కింద 12 గ్రామసభలు జరిగాయి. 12కు 12 బాక్సైట్ గని వద్దన్నాయి. ఆగింది. డోంగ్రియా కొంధులకు ఆ రోజు ఉన్న అధికారం, ప్రపంచంలో మొదటి వరసలో ఉన్న దేశంలో సుప్రీంకోర్టు గెలిచిన సామీలకు లేకపోయింది. అదే మన దేశంలో 2014లో పోలవరం ముంపు మండలాలను ఒక ఆర్డినెన్సుతో ఆంధ్రప్రదేశ్‌లో కలిపేశారు. 1996 నాటి పీసా చట్టం ఉన్న దేశమే ఇది. కోయ, కొండరెడ్డి ఊళ్ళ గ్రామసభలు ఆ లెక్కలోకి రాలేదు. డ్యామ్ కట్టిన ప్రతి రూపాయీ దేశ ఆదాయంలో ఎక్కుతుంది, సూచీ పెరుగుతుంది. మునిగిన ఊరి ఇప్పచెట్టు ఎక్కడా తీసివేత కాదు.

విదేశం వెళ్ళి చదవాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది చదివి వెనకడుగు వేయొద్దు. కేంద్రం ఎస్టీలకిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి ఏడాదికి 20 సీట్లు. అందులో 3 అత్యంత వెనకబడిన తెగలకు. ఇరవైకి మన పిల్లలు పోటీ పడాల్సిందే, ఇరవై ఎందుకని అడగాల్సిందే. కెనడా వెళ్తే వెళ్ళండి. ఆ యూనివర్సిటీ ఏ తెగ భూమి మీద ఉందో దిగిన వారంలోనే కనుక్కోండి.

మాకో ఆలోచన ఉంది. ఈ సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఒక్కొక్కరం మన ఊళ్ళో పది ఇళ్ళకు పోదాం. నిచ్చెన ప్రశ్న కాదు. దగ్గరి ఆసుపత్రికి ఎంతసేపు, బళ్ళో సారు మన భాషలో ఒక్క మాటైనా మాట్లాడతాడా, పోడు పట్టా వచ్చిందా, పోయినసారి గ్రామసభ నిజంగా జరిగిందా లేక సంతకాలు ఇంటికొచ్చి తీసుకున్నారా. అవ్వలతో మన భాషలోనే మాట్లాడి రాసుకొద్దాం. ఆగస్టు 9 నాటికి అన్నీ ఒకచోట పెడదాం. అడగాల్సిన ప్రశ్న ఇంకేదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, ముఖ్యంగా అక్కాచెల్లెళ్ళు. ఈ నాలుగూ రాసింది మగపిల్లలమే, నీళ్ళ బిందె సంగతి మాకు తట్టనేలేదని ఒక అక్క అప్పుడే తిట్టింది.