కాలనీలలో పరుగు సంఘాలు అవసరం

పూర్వం తపాలా సంచి రన్నర్ల కాళ్లమీదనే ఊళ్లు దాటేది. ఒకరి అంచె ముగిసినచోట మరొకరు అందుకొనేవారు. నేడు షిఫ్టు డ్యూటీల మూలంగా ఒకే రైల్వే కాలనీలోని లోకో పైలట్‌కూ ట్రాక్ మెయింటెయినర్‌కూ ముఖపరిచయమే కరవగుచున్నది. 1974 మే నెలలో 20 దినాలు సాగిన రైల్వే సమ్మెలో నిర్బంధాన్ని కాలనీ కుటుంబాలు కూడ ఎదుర్కొన్నవి. ముఖమెరుగని పొరుగువానికి అట్టి సమయాన అండ నిలుచువారెవరు?

2004లో లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో, రుసుము లేకుండ ఆరంభమైన వారపు పరుగు పలు దేశాలకు వ్యాపించినది. మన శాఖలు సైతం ఇందుకు పూనుకొనవలెను. ఉదయమొక జట్టు, సాయంత్రమొక జట్టు ఉన్నచో రాత్రి డ్యూటీవారికీ వీలగును. తపాలా సోదరులను, మహిళా ఉద్యోగులను, రిటైరైనవారిని ఆహ్వానించవలెను. కడపటివారు చేరువరకు మొదటివారు వేచియుండుటయే నియమం కావలెను.

అధిక పనిగంటలకు పరుగు మందు కాదు. ఆ పోరాటం సాగవలసినదే. ఆ పోరాటానికి కావలసిన పరిచయం మైదానంలో లభించును. శాఖా కార్యదర్శులు ఆలోచింతురు గాక.