పురుగు నేర్పే విద్య

మనిషి పేగుల్లో యుగాలుగా కాపురమున్న పురుగులు తొలగిపోయిన సమాజాల్లోనే ఉబ్బసం, అలెర్జీలు ప్రబలాయన్నది ‘యాన్ ఎపిడెమిక్ ఆఫ్ ఆబ్సెన్స్’ (2012) గ్రంథంలోని ప్రధాన వాదం. దాన్ని పరీక్షించుకోవడానికి రచయిత మోయిసెస్ వెలాస్కెజ్-మానోఫ్ మెక్సికో వెళ్లి కొంకి పురుగులను తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. ఆ సాహసం చదవదగినదే గాని అనుసరించదగినది కాదు. 2010లో వెలువడిన నాటింగ్‌హామ్ పరిశోధన 32 మంది ఉబ్బస రోగులపై జరిగింది. వారిలో కొందరికి పదేసి కొంకి పురుగు డింభకాలను ఎక్కించి చూడగా, చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు.

అంతమాత్రాన పురుగు విద్య వ్యర్థమనలేము. ఆశ్రయమిచ్చిన దేహం తనను వెళ్లగొట్టకుండా అది కొన్ని అణువులను స్రవిస్తుంది. ఎలుకల పేగుల్లో బతికే ఒక పురుగు స్రవించే ‘హెచ్‌పీఏఆర్‌ఐ’ అనే ప్రోటీను, శ్వాసనాళాల్లో అలెర్జీని రేకెత్తించే ఇంటర్‌ల్యూకిన్-33ను పట్టి బంధిస్తుంది. మరో పురుగు అణువైన ‘ఈఎస్-62’ నమూనాగా తయారైన కృత్రిమ రసాయనాలు ఎలుకల్లో ఊపిరితిత్తుల వాపును తగ్గించాయి. ఎలుకలో నెగ్గిన మందు మనిషిలో ఓడడం వైద్యచరిత్రలో కొత్త కాదు. అయినా వెదకవలసిన దారి ఇదే.

పురుగులను పాత నేస్తాలుగా పొగడేవారు ఒకటి మరువరాదు. కొంకి పురుగు రక్తం తాగి బతుకుతుంది. రక్తహీనతతో పాలిపోయిన పల్లె పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర, కాలికి చెప్పులు, ఇంటికి మరుగుదొడ్డి నేటికీ అవసరమే. సంపన్నుల ఉబ్బసానికి మందు వెదకడం, పేదబిడ్డ కడుపులో పురుగును ఉండనిచ్చేందుకు సాకు కారాదు.