మత్తు డాక్టరు చెవికి అడ్డం రాకండి

అమ్రాబాద్ నుంచి ఆపరేషన్ కోసం ఘాటు దిగిన మనిషి అచ్చంపేటకో, నాగర్‌కర్నూల్‌కో, పాలమూరుకో పోతాడు. థియేటర్ తలుపు మూసుకున్నాక అతని ఊపిరి మత్తు డాక్టరు చేతిలో ఉంటుంది. చేతిలో అంటాం గానీ, సగం చెవిలోనే.

వేలికి తగిలించిన క్లిప్పుతో మానిటర్ టిక్కు టిక్కుమంటుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోయేకొద్దీ ఆ శ్రుతి దిగుతుంది. 97 నుంచి 94కు దిగితే తేడా బహు సన్నం. కళ్లు సూది మీద ఉన్నా చెవి దాన్ని పట్టుకోవాలి. సరిగ్గా అప్పుడే సక్షన్ గుర్రుమంటే, కత్తెర స్టీలు ట్రేలో ఠంగుమని పడితే, మూలన సెల్‌ఫోన్‌లో పాట మోగితే? అమెరికాలో 2013లో అచ్చయిన ఓ ప్రయోగంలో, రొద నడుమ ఇంకో పని కూడా చేయాల్సొచ్చిన జూనియర్ మత్తు డాక్టర్లు ఆ శ్రుతి మార్పును అంత బాగా పోల్చుకోలేకపోయారు. వాళ్లు నిర్లక్ష్యపు మనుషులు కారు. చెవి ఒక్కటే కదా.

ఎముకల ఆపరేషన్లో డ్రిల్లు మోత 100 డెసిబెల్స్ కూడా దాటుతుంది. దాన్ని ఆపమనడం లేదు. ఆపగలిగినవి ఆపమంటున్నాం.

మరీ భయం మత్తిచ్చేటప్పుడు, తేరుకునేటప్పుడు. కుట్లు అయ్యాయన్న నిశ్చింతతో ముచ్చట్లు, ట్రాలీల చప్పుడు మొదలయ్యేది అప్పుడే. రోగి గొంతు బిగుసుకుపోయే ప్రమాదమూ అప్పుడే. కీలక వేళల్లో మాట తగ్గించడం కొత్తేం కాదు. విమానం 10,000 అడుగుల లోపున్నంతసేపు పైలట్లు ముచ్చట్లు పెట్టొద్దని అమెరికా 1981లోనే నిబంధన తెచ్చింది. అంత దూరమెందుకు, రాత్రి 9 దాటితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర మనమే బండ్లు ఆపుతున్నాం, అడవి జీవాల కోసం.

ఊపిరిని కనిపెట్టి ఉండాలన్నదీ మన దగ్గర పాత మాటే. 1888, 1889లలో హైదరాబాద్‌లో క్లోరోఫాం అనే మత్తుమందు మీద కమిషన్లు కూర్చున్నాయి. మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరిచ్చిన నిజాం కాలమది. మత్తిచ్చేవాడు ఊపిరినే కనిపెట్టి ఉండాలని ఆ కమిషన్ల వెనకున్న డాక్టర్ లారీ పట్టుబట్టాడు. క్లోరోఫాంతో గుండెకు ముప్పు లేదన్న ఆయన మాట తర్వాత తప్పని తేలింది. కనిపెట్టి ఉండాలన్నది మాత్రం తప్పు కాలేదు.

మీ థియేటర్లో ఒకే మాట రెండుసార్లు చెప్పాల్సి వస్తోందా? అలారాన్ని చూడకుండానే నొక్కేస్తున్నారా? జాగ్రత్త పడండి. బయట కూర్చున్న అమ్మలారా, అన్నలారా, మీ ఆత్రం మాకు తెలుసు. తలుపు తట్టకండి, లోపలున్నవాళ్లకు ఫోన్ చేయకండి.

సర్జన్లకు, సిస్టర్లకు ఒక్కటే మనవి. ఫోన్లు బయట పెట్టండి. మానిటర్ సౌండు అందరికీ వినపడేలా పెంచండి. మత్తు సూది ఆ తర్వాత అందించండి.