నక్షత్రాన్ని మూస్తేనే గ్రహం కనిపిస్తుంది

“తాగేదానికి నీళ్ళు లేవు, ఆకాశంలో ఇంకో భూమి ఎందుకప్పా మీకు?” అని మా వైపు పెద్దవాళ్ళు అంటుంటారు. నీళ్ళ బాధ నిజమే. కోలారు జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి ఎవరికి తెలియదు? కానీ ఆ బాధను చూపించి ఈ చదువునే తోసెయ్యడం నేను ఒప్పుకోను.

ఇప్పటికి వేరే నక్షత్రాల చుట్టూ 6000కు పైగా గ్రహాలు దొరికాయి. వాటిలో చాలామటుకు నేరుగా చూసినవి కావు. నక్షత్రం వెలుగు కాస్త తగ్గిందనో, నక్షత్రమే కాస్త ఊగిందనో లెక్కగట్టి తెలుసుకున్నవి. దూరం నుంచి చూస్తే మన భూమి సూర్యుడికన్నా సుమారు 1000 కోట్ల రెట్లు మసక. ఎదురుగా లారీ లైటు కొడుతుంటే పక్కనున్న మిణుగురు కనిపిస్తుందా? చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. టెలిస్కోపులో ఆ చెయ్యి లాంటిదే కరోనాగ్రాఫ్. నక్షత్రం వెలుగును అది ఆపితే, గ్రహం వెలుగును రంగులుగా విడదీసి అక్కడ నీటి ఆవిరి, ఆక్సిజన్ ఉన్నాయేమో వెతకవచ్చు. మన గాలి పొర బొమ్మను కదిలించేస్తుంది కాబట్టి ఈ పనికి అంతరిక్షమే మేలు.

“అదంతా అమెరికావాళ్ళ పని” అంటారా? కోలారు నుంచి బెంగళూరు పోయే దారిలో హొసకోట ఉంది. 2023 సెప్టెంబర్ 2న ఆదిత్య ఎల్1 మోసుకెళ్ళిన కరోనాగ్రాఫ్‌ను భారతీయ ఖగోళ భౌతిక సంస్థవాళ్ళు అక్కడే కూర్చారు. అది చూసేది సూర్యుడి కరోనాను, గ్రహాలను కాదు. కరోనా సూర్యబింబం కన్నా సుమారు పది లక్షల రెట్లే మసక. గ్రహాల పని ఇంకా ఎన్నో రెట్లు కష్టం, సరే. విద్య మాత్రం అదే.

ఆ ప్రయోగశాలకు ఎం.జి.కె. మేనన్ పేరు పెట్టారు. 1965లో మన కె.జి.ఎఫ్. గనిలో న్యూట్రినోల జాడ పట్టినవాళ్ళలో ఆయన ఒకరు. నేల మీద కాస్మిక్ కిరణాల హోరులో ఆ జాడ దొరకదని, రెండు కిలోమీటర్లకు పైగా రాయిని అడ్డం పెట్టుకుని వెతికారు. అడ్డం పెట్టి చూడటం మన గడ్డకు కొత్తేమీ కాదు!

బంగారం కోసం మూడు కిలోమీటర్ల లోతుకు తవ్వారు. 2001లో గనులు మూశారు. బంగారం పోయింది, మనకు సైనైడ్ దిబ్బలు మిగిలాయి. దానికి లెక్క అడగనివాళ్ళు వెలుగు చదువుకు లెక్క అడుగుతున్నారు. మేం అడిగేది తలా ఒక కటకం, తరగతికి ఒక పట్టకం. ఆ డబ్బు మిగిల్చినా ఏ ఊళ్ళోనూ ఒక్క బోరు పడదు.