రాతియుగం మన గుట్టల్లోనే ఉంది
– బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

విద్యార్థుల కాలక్షేపాలు కాలంతో పాటు మారుతుంటాయి. నిన్న క్యారమ్స్, చదరంగం. నేడు హాస్టలు గదుల్లో రోల్ ప్లేయింగ్ ఆటలు. 1974లో అమెరికాలో వెలువడిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'తో ఈ ఆటలకు పేరొచ్చింది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర ధరిస్తారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. వీధి భాగవతాలు చూసి పెరిగినవాళ్ళకు ఇది మరీ అంత వింతేమీ కాదు.

ఈ ఏడు మా మిత్రులు రాతియుగం నేపథ్యంగా ఒక ఆట తయారు చేయాలని కూర్చున్నారు. కాగితం మీదికి వచ్చిందేమిటి? మంచు కొండలు, జూలు ఏనుగులు, దుడ్డుకర్ర పట్టుకుని గుర్రుమనే మనుషులు! ఇదంతా సినిమాల సరుకు. కిటికీలోంచి బయటికి చూస్తే చాలు గదా అన్నాను నేను.

మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి గుట్టల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఆటకు ఇంతకంటె గొప్ప రంగస్థలం ఎక్కడ దొరుకుతుంది? బండల మధ్య నీడ, వానకు నిండే దొనలు, దూరాన్ని కనిపెట్టి చూసే ఎత్తులు – అన్నీ ఉన్నాయి. అయితే ఒక జాగ్రత్త. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలోని నిలువురాయి వంటివాటిని చూసి రాతియుగం అనుకోరాదు. ఆ సంప్రదాయం ఇనుప యుగానిది.

ఇంకో సంగతి. రాయి ఉన్నంత మాత్రాన పనిముట్టు కాదు. గ్రానైటు గరుకు రేణువుల రాయి, పదునుగా పెచ్చులూడదు. గొడ్డలికి డాలరైట్ అనే నల్లరాయి కావాలి, చిన్న అలుగులకు పలుగురాయో చకుముకిరాయో కావాలి. అది ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాడే ఆటలో బలవంతుడు. కండలు కాదు, ఎరుక ముఖ్యం.

శత్రువు కోసం రాక్షసులను పుట్టించనక్కర లేదు. దాదాపు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద మన కర్నూలు సీమలోని జ్వాలాపురం దాకా వచ్చి పడింది. ఆ బూడిద పొరకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆకాశం నల్లబడిన రోజున మీ పాత్ర ఏం చేస్తుంది? దీనికి మించిన కథ ఏముంది?

నాకు బాగా నచ్చింది మా పాత పాలమూరు జిల్లా ఉట్నూరు. 1957లో ఆల్చిన్ అనే పురాతత్వవేత్త అక్కడి బూడిద దిబ్బను తవ్వితే, అది కొత్త రాతియుగం నాటి పశువుల దొడ్డి అని తేలింది. పేరుకున్న పేడను మళ్ళీ మళ్ళీ కాల్చారు. పశువుల గిట్టల గుర్తులు కూడా అక్కడ దొరికాయి. ఆ కాలపు దక్షిణాది రైతులు పండించినవి ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు. మా ఇంట్లో నేటికీ ఉలవలు వేస్తాం. పట్నంలో ఎవరైనా పల్లెటూరివాణ్ణి "రాతియుగం మనిషి" అని వెక్కిరిస్తే నాకు కోపం రాదు, జాలి వేస్తుంది. ఏ గింజ ఏ నేలలో నిలుస్తుందో, ఏ గొడ్డు ఎంత కరువుకు తట్టుకుంటుందో తెలుసుకోవడం మొద్దుతనమా? అది కూడా విజ్ఞానమే. ప్రయోగశాల లేదు, అంతే తేడా.

కనుక ఆటలో పాయింట్లు తల పగలగొట్టినందుకు కాదు, నిప్పు ఆరకుండా కాపాడినందుకు, విత్తనం దాచినందుకు, మంద చెదరకుండా చూసినందుకు ఇవ్వాలి.

ఇది ఆట మాటే కదా అని కొట్టిపారేయకండి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ ప్రాంతంలో ఎన్ని గుట్టలు పిండి అయ్యాయో మనమెరుగుదుం. ఉద్యోగాలు వద్దని నేననను, నాకూ కావాలి. కాని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద విద్యార్థులు గొంతెత్తాక, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడి చెట్ల నరికివేతను ఆపింది. గొంతెత్తాలంటే ముందు ఆ నేల మీద మమత ఉండాలి. మమత కలగాలంటే తెలియాలి.

మిత్రులారా, మంచుదేశాల రాతియుగం మంచుదేశాల వాళ్ళు రాసుకుంటారు. మన గుట్టల కథ మనం కాకపోతే మరెవరు కడతారు? గుట్ట ఉండగానే కడదాం.