ఫజ్ర్ వేళ రక్తపోటు

ప్లేట్‌లెట్లు అనే మాట మన ఇళ్లలో డెంగీ జ్వరం వచ్చినప్పుడే వినిపిస్తుంది. లక్ష ఉన్నాయా, యాభై వేలకు పడ్డాయా అని ఇంటిల్లిపాదీ ఆందోళన చెందుతారు. రక్తపోటు రోగి విషయంలో వాటి సంఖ్య కంటే, తెల్లవారుజామున అవి ఒకదానికొకటి ఎంతగా అతుక్కుంటాయన్నది ముఖ్యం.

నిద్రలో రక్తపోటు సాధారణంగా 10 నుండి 20 శాతం తగ్గుతుంది. మేల్కొనే వేళకు కొన్ని హార్మోన్లు పెరిగి, రక్తనాళాలు బిగుసుకొని, పోటు పైకి లేస్తుంది. ఇది అందరిలోనూ సహజమే. కొందరు రోగుల్లో మాత్రం హద్దు మీరుతుంది. జపాన్‌లో 519 మంది వృద్ధ రోగులను పరిశీలించి 2003లో ప్రకటించిన అధ్యయనంలో, నిద్రలోని కనిష్ఠం కంటే ఉదయం పై అంకె 55 లేదా అంతకు మించి పెరిగినవారికి పక్షవాతం ఎక్కువగా వచ్చింది. ప్లేట్‌లెట్లు అతుక్కునే గుణం కూడా ఉదయం 6, 9 గంటల మధ్య పెరుగుతుందని 1987లో అమెరికా పరిశోధకులు చూపారు. మంచం దిగని వారిలో ఆ పెరుగుదల కనబడలేదు.

ఇక మన సంగతి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుండి బస్సెక్కి వచ్చిన రోగి ఆసుపత్రి చేరేసరికి పదకొండవుతుంది. మాత్ర అప్పటికే వేసుకొని ఉంటాడు. అంకె బాగుంటుంది, సంతోషంగా తిరిగి వెళతాడు. తెల్లవారుజామున ఆ అంకె ఎంత ఉన్నదో చూసినవారు లేరు. అందుకే ఇంట్లోనే కొలవమని మేము కోరుతున్నాము. లేచిన గంటలోపు, మూత్రవిసర్జన ముగించి, చాయ్‌కీ మాత్రకూ ముందు, ఐదు నిమిషాలు కూర్చొని, దండకు పట్టీ కట్టి రెండుసార్లు చూడాలి. వారం రోజుల అంకెలు వ్రాసి వైద్యునికి చూపాలి. ఇంటి కొలతల్లో సగటు 135/85 దాటితే మందునో, వేళనో మార్చవలసి రావచ్చు. ఆ నిర్ణయం వైద్యునిదే.

రక్తపరీక్ష కాగితంపై ఎం.పి.వి. అనే అంకె ఉంటుంది. అది ప్లేట్‌లెట్ల సగటు పరిమాణం. పెద్దవి మరింత చురుకైనవని అంటారు గాని, ఆ ఒక్క అంకెను బట్టి రక్తపోటు మందు నిర్ణయించరు. దానిని చూసి సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టడం మరీ ప్రమాదం. పోటు అదుపులో లేనివారికి మెదడులో రక్తస్రావం కావచ్చు.

ఫజ్ర్ నమాజుకు లేచేవారు అజాన్ వినగానే దిగ్గున లేవక, మంచం అంచున కాసేపు కూర్చోవాలి. చలికాలంలో పోటు మరింత పెరుగుతుంది కనుక వుజూకు గోరువెచ్చని నీళ్లు మేలు. రమజాన్‌కు ముందే సహరీ, ఇఫ్తార్‌ల మధ్య మాత్రల వేళలు వైద్యునితో మాట్లాడుకోవాలి; ఎవరూ తమంతట తాము మానరాదు. సహరీలో ఆవకాయ కాస్త తగ్గిస్తే ఇంకా మంచిది (వినేవారు తక్కువే!).

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పొద్దెక్కనివ్వక 108కు ఫోన్ చేయండి. గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. నిద్రలో వచ్చిన పక్షవాతానికి ఆ లెక్క, మనిషి చివరిసారి బాగున్నట్లు చూసిన వేళ నుండి మొదలవుతుంది. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుంచుకొని చెప్పాలి.