బాతులకు మందునీళ్లు పెట్టుటను గూర్చి

గ్రుడ్లు నాలుగు తగ్గినవో లేదో, అంగడికి పోయి మందు తెచ్చి బాతుల త్రాగునీటిలో కలుపు నలవాటు మన సభ్యులలో ప్రబలుచున్నది. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల రైతులు దీనిని తక్షణమే మానవలెనని మా యభిప్రాయము.

చక్కగా సాకిన ఖాకీ క్యాంప్‌బెల్ బాతు ఏడాదికి 300 వరకు గ్రుడ్లు పెట్టును. ఈకలు రాల్చుకాలమున ఆ రాబడి తగ్గును. పగటి ప్రొద్దు తరిగినను తగ్గును. బూజుపట్టిన మొక్కజొన్న, వేరుసెనగ చెక్క తినినను తగ్గును. ఆ బూజువిషము కోళ్లకంటె బాతులకు మిక్కిలి చెరుపు. అట్టిచోట మేత మార్చవలెనే గాని మందునీళ్లు పోసి ఫలమేమి?

సూక్ష్మజీవుల తెగుళ్లు లేకపోలేదు. పాశ్చురెల్లా వలని కలరాలో సాయంకాలము మేత తినిన పక్షి తెల్లవారుసరికి చచ్చి పడియుండును. సాల్మొనెల్లా పైకి ఏ జాడయు చూపకయే గ్రుడ్డులోనికి దిగవచ్చును. అందువలననే బాతుగ్రుడ్డును గట్టిపడువరకు ఉడికించి తినవలెను. చచ్చిన పక్షిని పశువైద్యుడు కోసి పరీక్షించినగాని ఏది యేదో తేలదు.

మన ప్రాంతమునకు వేరొక చిక్కు గలదు. పటాన్‌చెరులో ఔషధ కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడను దేశపు పరిశోధకులు 2007లో ప్రకటించిరి. మందు మ్రింగిన రోగి నెత్తురులోనైనను అంత యుండదు. నక్కవాగు, ఇసుకవాగుల బురదలోని సూక్ష్మజీవులలో మందులకు లొంగని గుణము మెండుగా నున్నదని 2011లో వెల్లడియైనది. మనము బాతులకు పోయు ఎన్రోఫ్లాక్సాసిన్ పక్షి దేహమున కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారును. వాగు బురద నేర్చిన విద్యనే మనము దొడ్డిలోను నేర్పుచున్నామన్నమాట! నిజముగా కలరా వచ్చిననాడు ఆ మందు పారకపోవచ్చును. ఇంటి పిల్లవానికి జబ్బుచేసిన నాడును పారకపోవచ్చును.

వాగు చెడినందుకు రైతును నిందించుట న్యాయము కాదు. ఆ నీటిని బాగుచేయుడని గట్టిగా అడుగుట మన హక్కు. దొడ్డిలోని మందు మాత్రము మన చేతిలోనిది.

బాతులు చాలవరకు ఉదయము తొమ్మిది గంటలలోపుగనే గ్రుడ్లు పెట్టును. అందాక వానిని బయటకు తోలక, పొడి వరిగడ్డి పరచి, ఏనాటి లెక్క ఆనాడే వ్రాసికొనుడు. పిదపనైనను కర్మాగారముల దిగువ వాగునీటికి తోలవలదు. లెక్క మూడు దినములు వరుసగా పడిపోయినచో ముందు మేత చూచి, పిదప పశువైద్యుని పిలువుడు.

వైద్యుడు మందిచ్చిన యెడల, ఆయన చెప్పిన గడువు తీరువరకు ఆ గ్రుడ్లను అంగడికి పంపరాదు. బీదరైతుకు ఈ నష్టము చిన్నది కాదు. అందు కొంతభాగమును సంఘనిధినుండి పూడ్చవలెనని రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింపనున్నాము.